అడిగిన తీరు

నా గొంతు గురించి ఇంతవరకూ ఎవరూ ఒక మంచి మాట అనలేదు. చిన్నప్పుడు సిరికొండలో మా అమ్మ, "నువ్వు మాట్లాడుతుంటే పక్కింటోళ్లు కొట్లాట అనుకుంటున్నరు, జర తగ్గియ్యి" అనేది. ఉద్యోగం వచ్చాక తోటి టీచర్లు, "మీరు పాఠం చెప్తే పక్క ఊరి పిల్లలకు గుడ వస్తది మేడమ్" అని నవ్వేవారు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతుల్నీ ఒకే గదిలో కూర్చోబెట్టి, ఒక మూల ఎక్కాలు, ఇంకో మూల అక్షరాలు, మధ్యలో ఏడ్చేవాళ్లు, బయట పసుపు పాలిషు పట్టే డ్రమ్ము గడగడమని తిరుగుతుంటే, మెల్లగా మాట్లాడి చూపించమనండి ఆ నవ్వేవాళ్లను. పదహారేళ్లు అరిచాను. గొంతు అలాగే గట్టిపడిపోయింది.

గొంతు ఒక్కటే అయితే పోనీ అనుకోవచ్చు. అంతకంటే పెద్ద జబ్బు ఇంకొకటి ఉంది. వాక్యం చివరి మాట నేను చెప్పను. "ఆవు మనకు పాలు..." అని గొంతు పైకి లేపి ఆపేస్తాను. "ఇస్తుంది" అని పిల్లలు అందుకోవాలి. "సూర్యుడు తూర్పున..." అంటాను. "ఉదయించును" అని కప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. ఇది ఎవరూ నేర్పిన పద్ధతి కాదు. మా టీచర్లు మాకు ఇలాగే చెప్పారు, వాళ్లకు వాళ్ల టీచర్లు ఇలాగే చెప్పి ఉంటారు. తీరా చూస్తే అది బడిలో ఆగలేదు, నాతో ఇంటికి కూడా వచ్చేసింది. "గ్యాస్ బండ ఇవాళ..." అని నేను ఆపితే మా ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండా "వస్తది టీచర్" అంటాడు. ఆర్మూర్ అంగడిలో ఒకసారి కూరగాయలావిడతో "కిలో నలభై అంటే మస్తు..." అని ఆపాను. "పిరం" అని, ధర ఎక్కువేనని ఆమే ఒప్పుకోవాలని నా ఉద్దేశం. "అగ్గువ" అని చెప్పి ఆవిడ తూకం వేసేసింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంటుంది. కానీ ఈ గొంతుతో, ఈ అలవాటుతో ఒక ఊరిని ఒప్పించాల్సి వచ్చినప్పుడు నాకు నవ్వు రాలేదు.

నేను పనిచేసే ఊరు ఆర్మూర్ నుంచి బాల్కొండ వైపు పోతుంటే హైవేకు ఎడమ పక్కన ఉంటుంది. అక్కడి ప్రైమరీ స్కూలుకు నేనొక్కదాన్నే టీచర్ని. పదకొండు మంది పిల్లలు. ఊళ్లో పిల్లలు లేక కాదు, పాతిక మంది దాకా రోజూ పొద్దున పసుపు పచ్చ వ్యాన్ ఎక్కి ఆర్మూర్ ప్రైవేటు బడికి పోతారు. నేను స్కూటీ మీద ఊరికి వస్తుంటే ఆ వ్యాన్ నాకు ఎదురు వస్తుంది. కిటికీలోంచి పిల్లలు "నమస్తే మేడమ్" అంటూ చేతులూపుతారు. జూన్ కల్లా పిల్లల సంఖ్య ఇరవై దాటకపోతే మా బడిని హైవే అవతలి ఊరి బడిలో కలిపేస్తారని పై ఆఫీసు నుంచి ఆ ఫిబ్రవరిలోనే చెప్పారు.

కలిపేస్తే నాకు వచ్చే నష్టం ఏమీ లేదు. నా జీతం నాకు వస్తుంది. పోయేది బడిలో వంట చేసే అక్కకు. ఆరేళ్లుగా మా బడి వంటగది ఆమెదే. కూతురు బీడీలు చుడుతుంది. అల్లుడు ఎప్పుడో వదిలేసి పోయాడు. మనవరాలు రెండో తరగతికి వస్తుంది. బడి పోతే అక్కకు వంట పని పోతుంది, ఆ పిల్ల రోజూ రెండుసార్లు నాలుగు వరుసల హైవే దాటాలి. వ్యాన్ ఫీజు కట్టే శక్తి ఆ ఇంటికి లేదు. "నా పని పోతె పోనీ మేడమ్, ఏదో ఒకటి చేస్కుంట. గీ పోరి రోడ్డు ఎట్ల దాటుతదో గదే నాకు ఫికర్" అని అక్క ఎన్నిసార్లు అన్నదో లెక్కలేదు. మిగతా పదిమందివీ ఇంచుమించు అలాంటి ఇళ్లే.

మా వైపు ఊళ్లలో గ్రామాభివృద్ధి కమిటీ మాట అంటే రాతి మీద రాసినట్టే. సర్పంచ్ చెప్పినా వినని వాళ్లు కమిటీ చెబితే వింటారు. కమిటీ తీర్మానం చేసి, ప్రైవేటు వ్యాన్లను ఊళ్లోకి రానివ్వకుండా సర్కారు బడి నింపుకున్న ఊళ్లు కూడా ఉన్నాయి. నేను కమిటీ పెద్దాయన ఇంటికి ఎన్నిసార్లు తిరిగానో. పసుపు వేసే రైతు, అరవై దాటినవాడు, మాటకు మర్యాదకు లోటు లేనివాడు. చివరికి ఆయన, "బడి తెరిచే ముందటి ఐతారం నాడు అందర్ని కూసోబెడ్త మేడమ్. పది నిమిషాలు మీరు మాట్లాడుండ్రి. ఒప్పిచ్చుకునుడు మీ పని" అన్నాడు. పది నిమిషాల మాట మీద ఒక బడి నిలబడి ఉందన్నమాట. పదహారేళ్ల పని ఎవరికీ కనపడదు, పది నిమిషాలు మైకు ముందు ఎలా మాట్లాడామన్నదే చూస్తారు.

ఆ ఏప్రిల్‌లోనే డిచ్‌పల్లిలో మాకు మూడు రోజుల శిక్షణ పెట్టారు. నలుగురిలో మాట్లాడేటప్పుడు గొంతును ఎలా వాడుకోవాలన్నది విషయం. శిక్షణ ఇచ్చే ఆయన కాలర్‌కు చిన్న మైకు తగిలించుకుని, ఏసీ హాల్లో అటూ ఇటూ నడుస్తూ, "నోరు మంచిదైతే ఊరు మంచిది" అని మొదలుపెట్టాడు. గొంతు పైనుంచి కాదు, పొట్టలోంచి రావాలన్నాడు. వాక్యం చివర స్వరం దించాలన్నాడు. ముఖ్యమైన మాట చెప్పాక మూడు అంకెలు లెక్కపెట్టుకునేంత సేపు ఆగాలన్నాడు. తర్వాత ఒక్కొక్కరినీ లేపి మాట్లాడమన్నాడు. నా వంతు వచ్చింది. లేచి, "బడిని కాపాడుకోవడం మన అందరి..." అన్నాను. హాల్లో ఉన్న టీచర్లంతా ఒకేసారి "బాధ్యత" అన్నారు. అనేసి, తమకూ అదే జబ్బు ఉందని గుర్తొచ్చి నవ్వు ఆపుకోలేకపోయారు.

ఆయన నవ్వలేదు. "మేడమ్, మీరు ఎదుటివాళ్లను చిన్నపిల్లల్ని చేస్తున్నారు. పెద్దవాళ్లు దాన్ని క్షమించరు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. చెప్పేవాడికి వినేవాడు లోకువ. చల్లని హాల్లో నిశ్శబ్దంగా కూర్చున్న జీతగాళ్లతో మాట్లాడటం ఎవరికైనా వస్తుంది. మా బడిలో ఒక్క గంట నిలబడి పొట్టలోంచి మాట్లాడమనండి, పొట్ట నొప్పి పుడుతుంది. ఇలా మనసులో తిట్టుకుంటూనే ఆయన చెప్పింది అక్షరం వదలకుండా నోటుపుస్తకంలో రాసుకున్నాను. ఎందుకంటే ఆయన చెప్పింది నిజమని నాకు తెలుసు. కోపం వచ్చింది అందుకే.

మే నెలంతా సాధన చేశాను. స్కూటీ మీద హెల్మెట్‌లో నాలో నేను మాట్లాడుకునేదాన్ని. సిగ్నల్ దగ్గర ఆగితే పక్క బండి మీదివాళ్లు వింతగా చూసేవారు. ఫోన్‌లో వీడియోలు చూసి పొద్దున్నే మిరియాల కషాయం తాగాను. బడి సెలవుల్లో రిజిస్టర్ల పని మీద ఊరికి వెళ్లినప్పుడల్లా అక్కను వంటగది గడపలో కూర్చోబెట్టి నా ఉపన్యాసం వినిపించేదాన్ని. మొదటిసారి స్వరం బాగా దించి, నెమ్మదిగా, ప్రతి మాట దగ్గరా ఆగుతూ చెప్పాను. అక్క చింతపండు గింజలు తీయడం ఆపి నా మొహం చూసింది.

"ఎవలన్న పోయిండ్రా మేడమ్?" అంది.

"ఎవలు పోలే. గిట్లనే మాట్లాడాల్నట."

"గిట్ల మాట్లాడితె ఊరోళ్లు ఏడుస్తరు గని పిల్లల్ని తోలరు. నువ్వు తిట్టినట్టు మాట్లాడుతవు సూడు, గదే మంచిగుంటది" అంది అక్క. అక్కకేం తెలుసు అనుకున్నాను. రోజూ గోడకు అవతల నుంచి నా గొంతు వింటూ పప్పు ఉడకబెట్టుకునే మనిషి సలహా నాకు సలహాలా అనిపించలేదు.

ఆదివారం రానే వచ్చింది. కమిటీ హాల్లో సగం మేర, ధర పెరిగేదాకా అమ్మకుండా ఆపి పెట్టిన పసుపు బస్తాలే. కుర్చీలు చాలక మగవాళ్లు ఆ బస్తాల మీదే కూర్చున్నారు. ఆడవాళ్లు గడప దగ్గర నిలబడ్డారు. వాళ్లలో అక్క కూడా ఉంది, మనవరాలి చెయ్యి పట్టుకుని. పెద్దాయన ముందు బల్ల మీద కమిటీ తీర్మానాల పుస్తకం, కొత్త పేజీ తెరిచి, పక్కన పెన్ను. నన్ను ఆటపట్టించడానికి పిలవలేదన్నమాట. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

భజన మండలి మైకు చేతికిచ్చారు. "ఊరి పెద్దలకు, అన్నలకు, అక్కలకు నమస్కారం" అని పొట్టలోంచి అన్నాను. స్వరం దించాను. మనసులో ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టాను.

"మైకు బందైందా?" అన్నారెవరో.

"బంద్ గాలే, మేడమే ఆగింది."

"జర గట్టిగ చెప్పుండ్రి మేడమ్, ఫ్యాన్ సప్పుడుకు ఇనొస్తలేదు."

రెండో వాక్యం అదే స్వరంలో చెప్పి మళ్లీ ఆగాను. ఒకాయన బస్తా దిగి వచ్చి, పాపం మాట మరిచిపోయిందనుకుని, నాకు గ్లాసుతో నీళ్లిచ్చాడు. తాగాను. నెల రోజుల సాధన ఆ గ్లాసు నీళ్లతో కడుపులోకి పోయింది. మళ్లీ నోరు తెరిచేసరికి నా అసలు గొంతే బయటికి వచ్చింది, ఆపుకోలేకపోయాను.

"ఈ బడి ఎవరిది? మనది. మన బడిని మనమే..."

"కాపాడుకోవాలె" అంది హాలు మొత్తం.

నేను అడగలేదు, వాళ్లు అనుకోలేదు. కానీ ఆ మగవాళ్లందరూ చిన్నప్పుడు ఆ ఒక్క గదిలోనే కూర్చుని వేరే ఎవరో టీచర్ ముందు ఇలాగే అందుకున్నవాళ్లు. చివరి మాట గాల్లో వేలాడితే అందుకోకుండా ఉండలేరు. తలపాగా చుట్టుకున్న ముసలాయన కూడా అందుకున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుని పిల్లల్లా నవ్వుకున్నారు. నాకు ఎక్కడలేని ఊపు వచ్చింది. ఏసీ హాలు ఆయన ఒక్కసారి వచ్చి చూడాలి అనుకున్నాను.

"ఊళ్లో బడి ఉంటేనే ఊరికి..."

"ఇజ్జత్."

"ఊరి బడి మూతపడితే ఊరికే..."

"సిగ్గు."

అక్కడ ఆపి ఉంటే నా బతుకు బాగుండేది. ఆపలేదు. జనం అందుకుంటుంటే ఆపడం ఏ టీచర్‌కూ చేతకాదు. "మన బడిలో చదివిన పిల్లలు రేపు పెద్దయి..." అని గొంతు ఎత్తగలిగినంత ఎత్తి వదిలాను. ఆఫీసర్లు అవుతారని, డాక్టర్లు అవుతారని ఎవరో ఒకరు అంటారనుకున్నాను.

"దుబాయి పోతరు" అన్నాడు బస్తా మీది నుంచి ఒకతను.

హాలు గొల్లుమంది. అతను ఎగతాళికి అనలేదు. ఆ బడిలో చదివినవాడే, పన్నెండేళ్లు అక్కడ ఉండి వచ్చినవాడే. తనకు తెలిసిన జవాబు చెప్పాడు, అంతే. తప్పు జవాబు చెప్పిన పిల్లవాణ్ణి ఏం చేయాలో నాకు తెలుసు, నిజం చెప్పిన పెద్దమనిషిని ఏం చేయాలో తెలియలేదు. నవ్వు తగ్గేదాకా కూడా ఆగకుండా, తొందర తొందరగా, "అందుకే ప్రతి తల్లీ, ప్రతి తండ్రీ తమ పిల్లల్ని ఆ వ్యాన్ మాన్పించి..." అని మళ్లీ ఆపాను.

ఈసారి ఎవరూ అందుకోలేదు. గడప దగ్గర నుంచి ఒక తల్లి అడిగింది. గొంతులో వెటకారం లేదు, గట్టితనం లేదు. కిరాణా కొట్టులో సామాను ధర అడిగినంత మామూలుగా అడిగింది.

"మేడమ్, మా పిలగాడు, మీ బాబు ఒక్కటే తరగతి గద. మీ బాబు మస్తు చదువుతడని మావోడు రోజు చెప్తడు. మీ బాబును గుడ అండ్లకెల్లి తీస్తున్నరా?"

మా బాబు మూడో తరగతికి వస్తాడు. అదే ప్రైవేటు బడి. అదే వ్యాన్ వాళ్లదే ఇంకో వ్యాన్, ఆర్మూర్‌లో మా వీధి చివరికి వస్తుంది. ఈ మాట నేను ఎవరి దగ్గరా దాచలేదు, ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పనూ లేదు. మైకు నోటి దగ్గరే ఉంది. నేను ఊపిరి పీల్చడం కూడా హాలంతా వినపడింది. "లేదు" అన్నాను. అది పొట్టలోంచి వచ్చిందో గొంతులోంచి వచ్చిందో నాకు తెలియదు.

ఎవరూ గోల చేయలేదు. చేసి ఉంటే నయంగా ఉండేది, నేనూ తిరిగి అరిచి ఉండేదాన్ని. పెద్దాయనే మాట్లాడాడు, మైకు కూడా తీసుకోకుండా.

"తప్పేం లేదు మేడమ్. ఎవల పిల్లలు వాళ్లకు ముద్దు. గని ఒక్క మాట చెప్త. మీ బాబును మీతోటి గీ బడికి తోల్కరాండ్రి. తెల్లారి నుంచి ఊళ్లెకు వ్యాన్ రాదు. ఇగో, గీ పుస్తకంల ఇప్పుడే రాస్త. అందరు ఒప్పుకుంటరా?"

బస్తాల మీది నుంచి ఒకరొకరే తల ఊపారు. వ్యాన్‌కు పిల్లల్ని పంపే తండ్రులు కూడా ఊపారు. గడప దగ్గర అక్క నా వైపే చూస్తోంది. ఆమె మొహం వెలిగిపోతోంది. ఇంత సులువైన బేరం కుదురుతుందని ఆమె కలలో కూడా అనుకుని ఉండదు.

"ఇంట్ల అడిగి చెప్త" అన్నాను.

"అడుగుండ్రి. పొద్దుమూకె లోపల ఫోన్ చెయ్యిండ్రి" అని పెద్దాయన పెన్ను మూత పెట్టాడు. పుస్తకం మాత్రం మూయలేదు.

స్కూటీ మీద ఇంటికి వస్తూ అందర్నీ తిట్టాను. అడిగిన తల్లిని తిట్టాను. శిక్షణ ఇచ్చినాయనను తిట్టాను. నా బిడ్డను బేరంలో పెట్టిన పెద్దాయనను ఎక్కువ తిట్టాను. నేను ఒప్పుకోనని తెలిసే అలా అడిగాడేమో అని కూడా అనుకుని చూశాను. అలా అనుకుంటే నాకు హాయిగా ఉండేది. కానీ ఆ తెరిచిన పుస్తకం కళ్ల ముందు నుంచి పోలేదు. ఆయన రాసేవాడే. ఆ సంగతి నాకు తెలుసు.

ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మా ఆయనది ఆర్మూర్‌లో ఎరువుల దుకాణం. మెత్తని మనిషి. ఆయన దగ్గర ఏదైనా సాధించాలంటే ఎలా అడగాలో నాకు పెళ్లయిన ఏడాదికే తెలిసిపోయింది. ముందు ఏమీ అడగకూడదు. చాయ్ ఇచ్చి పక్కన కూర్చోవాలి. "ఏమైంది" అని ఆయన అడిగితే "ఏం లేదు" అనాలి. రెండోసారి అడిగినప్పుడు కూడా ఏం లేదనాలి. మూడోసారి ఆయన అడిగాక, తల వంచుకుని, మెల్లగా, ఒకే ఒక్క మాటలో చెప్పాలి. ఇల్లు కట్టిన ప్లాటు అలాగే కొనిపించాను. మా అమ్మను ఆపరేషన్‌కు హైదరాబాద్ తీసుకెళ్లింది అలాగే. ఆ గొంతుకు ఆయన ఒక్కసారి కూడా కాదనలేదు. ఊళ్లో మైకు ముందు నాకు చేతకానిదంతా ఆయన ముందు చేతనవును.

ఆ మధ్యాహ్నం నేను చాయ్ పెట్టలేదు. వంటింట్లో మిక్సీ నడుస్తుంటే, అది ఆపకుండా, లోపలి నుంచే అరిచాను.

"ఇగో, విన్నరా ఊరోళ్ల సంగతి? మన బాబును తీస్కపోయి నా బడిల ఎయ్యాల్నట. అప్పుడైతెనే వాళ్ల పిల్లల్ని తోలుతరట."

ఆ 'అట' లోనే జవాబు ఉంది. నవ్వు కూడా కొంచెం కలిపాను. ఆయన సోఫాలోంచి, "వాళ్లకేంది, అంటరు. పిలగాని చదువుతోని ఆటలాడుతమా?" అన్నాడు. అని, ఒక్క క్షణం ఆగి, "నువ్వేమంటవ్?" అన్నాడు. ఆ ఒక్క క్షణం ఆయన నాకు ఇచ్చాడు. నేను తీసుకోలేదు. "నేనేమంట, గదే అన్న" అన్నాను. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను ఇంట్లో కావాలనే ఓడిపోయాను, ఓడిపోయాక హాయిగా పచ్చడి నూరుకున్నాను. తిన్న తర్వాత నిద్ర కూడా పట్టింది.

నాలుగు గంటలకు పెద్దాయనకు ఫోన్ చేశాను. ఆశ్చర్యం ఏమిటంటే, డిచ్‌పల్లిలో నేర్పిందంతా అప్పుడు వచ్చింది. గొంతు దానంతటదే కిందికి దిగింది. "మా ఆయన వద్దన్నరు" అని చెప్పి ఆగాను. ఎంతసేపు ఆగాలో అంతసేపే ఆగాను. "ఎంత చెప్పినా వింటలేరు" అని వాక్యం చివర స్వరం దించాను. చివరి మాట కూడా నేనే చెప్పాను, ఎవరికీ వదలలేదు. అటు నుంచి పెద్దాయన, "బాధపడకుండ్రి మేడమ్. మీ చేతుల ఏమున్నది" అని నన్నే ఓదార్చాడు. నా జీవితంలో నలుగురిని ఒప్పించేలా మాట్లాడిన రోజు ఏదైనా ఉంటే అదే. దాని మీద నాకు ఇప్పటికీ అసహ్యం వేస్తుంది.

జూలైలో బడి కలిపేశారు. బెంచీలు, బోర్డు, వంట పాత్రలు హైవే అవతలి బడికి చేర్చడానికి ట్రాక్టర్ వచ్చింది. నేను రిజిస్టర్లు కట్ట కట్టుకుంటున్నాను. అక్క పెద్ద గిన్నెను మసి గుడ్డతో తుడిచి పక్కన పెట్టింది. అప్పటికే ఆమె పసుపు నాట్లకు కూలికి పోతోంది, ఆ రోజు ఒక్క పూట మానుకుని వచ్చింది. మనవరాలిని రోడ్డు దాటించి అటు నుంచే వచ్చానని చెప్పింది. వంటగది గడపలో కూర్చుంది.

"మేడమ్, ఒక్కటి అడుగుత, ఏమనుకోకు" అంది.

"అడుగక్కా."

"ఇంట్ల సారును ఎట్ల అడిగినవు?"

"ఎట్ల అంటే?"

"ఒప్పుకోవాలె అని అడిగినవా, ఒద్దనాలె అని అడిగినవా?"

బయట డ్రైవర్ హారన్ కొట్టాడు. అక్క గొంతులో కోపం లేదు. ఆమెకు జవాబు తెలుసు, నా నోటి నుంచి వినాలనుకుంటోంది.

"ఒద్దనాలెననే అడిగిన అక్కా" అన్నాను.

ఆమె తల ఊపింది. లేచి గిన్నె ఒక చెవి పట్టుకుంది. "గటుదిక్కు పట్టు మేడమ్, బరువున్నది" అంది. ఇద్దరం కలిసి దాన్ని ట్రాక్టర్‌లోకి ఎక్కించాం.